ట్రోమ్సోలో సామీలు ఎవరో ఎలా తెలుస్తుంది? "మీరు సామీనా?" అని అడగొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆగస్టులో నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో వచ్చారు. భోజనాల దగ్గర మీ ఆఫీసులో ఒకాయన "మా అమ్మమ్మ సామీ" అన్నారు. (సామీలంటే నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తర ప్రాంతాల మూలవాసులు.) "అయితే మీరు సామీనా, నార్వేజియనా?" అని మీరు అడిగారు. ఆయన మాట మార్చేసి లేచి వెళ్ళిపోయారు. అప్పటినుంచి మీకు టెన్షన్. ఇంకోపక్క మీ ఐదేళ్ళ పాప, బార్నెహాగెలో (ఇక్కడి నర్సరీ బడిలో) తన స్నేహితురాలు ఫిబ్రవరి 6న వేసుకొచ్చిన నీలం, ఎరుపు గౌను లాంటిది తనకీ కావాలని పేచీ పెడుతోంది. చూసి సామీ అని గుర్తుపట్టడం ఎలా, వీళ్ళూ మన ఆదివాసుల్లాంటి వాళ్ళేనా, ఎస్టీ సర్టిఫికెట్ లాంటిది ఉంటుందా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. చూసి గుర్తుపట్టలేరు. సర్టిఫికెట్ ఏదీ లేదు. ఎవరైనా తమంతట తాము చెబితే వినండి, ఇదా అదా తేల్చి చెప్పమని మాత్రం అడగకండి. పాపకి ఆ డ్రెస్ కొనకండి. మీరు చేసింది సరిదిద్దుకోలేని తప్పేమీ కాదు. అంతకంటే పెద్ద తప్పు నేను చేశాను, అదీ చెప్తాను.

నేను 2010లో రాజమండ్రి నుంచి ఇక్కడికి వచ్చాను. నర్సుని. వయసు మళ్ళినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మందులు ఇవ్వడం, కట్లు మార్చడం, కాసేపు కూర్చుని కాఫీ తాగి రావడం నా పని. కింద చెప్పేవి ఎక్కువగా ఆ ఇళ్ళలో చూసినవే. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

సామీ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది టూరిస్ట్ ఫొటో. మంచు, రెయిన్‌డీర్, గుడారం, రంగురంగుల బట్టలు. నార్వే మొత్తం మీద రెయిన్‌డీర్ పెంపకంలో ఉన్నవాళ్ళు సుమారు 3,000 మంది. మిగతా సామీలు టీచర్లు, ఎలక్ట్రీషియన్లు, డాక్టర్లు, బస్ డ్రైవర్లు. ట్రోమ్సో చుట్టుపక్కల ఫ్యోర్డుల్లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) తరతరాలుగా ఉన్నవాళ్ళు సముద్రపు సామీలు. చేపలు పట్టుకుంటూ, రెండు ఆవులు, నాలుగు గొర్రెలు పెట్టుకుని బతికారు. వాళ్ళ మనవలు ఇవాళ మీ ఆఫీసులో, మీ అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. పేరు నార్వేజియన్ పేరే, మాట నార్వేజియనే, ముఖం చూస్తే ఏమీ తెలియదు. కొందరికైతే తమ ఇంటి సంగతి తమకే నలభై ఏళ్ళు వచ్చాక తెలిసింది.

అదెలా అంటారా? ఒక పెద్దావిడ గురించి చెప్తాను.

ఎనభై దాటిన మనిషి. ఫ్యోర్డ్ లోపలి ఊరు ఆవిడది, పెళ్ళయ్యాక ట్రోమ్సో వచ్చేసింది. మతిమరుపు జబ్బు ముదురుతోంది. డిసెంబర్ నెల, మధ్యాహ్నమే అయినా బయటంతా చీకటి. కిటికీ పక్కన కూర్చుని ఉన్ని చేతి తొడుగు అల్లుతోంది, నేను కింద కూర్చుని కాలికి కట్టు కడుతున్నాను. అల్లిన వరసలు వేలితో తడుముకుంటూ లెక్కపెడుతోంది: "ఒక్త, గువొక్తె, గొల్మ..." ఆ మొదటి మాట నాకు మన "ఒకటి"లా వినిపించి చటుక్కున తలెత్తాను. (సామీలో ఒక్త అంటే ఒకటే. మన భాషకీ దానికీ చుట్టరికం లేదు, అది ఫిన్నిష్‌కి దగ్గర భాష. ఏదో అలా కలిసింది. కానీ ఒళ్ళు జలదరించింది.) అప్పుడే లోపలికి వచ్చిన ఆవిడ కూతురు, అరవై ఏళ్ళ మనిషి, కోటులోంచి ఒక చెయ్యి తీసి రెండోది తియ్యకుండా గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మ ఏ భాషలో లెక్కపెడుతోంది?" అని అడిగింది. ఎవరిని? ఎక్కడో గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన నన్ను.

అరవై ఏళ్ళలో ఆ తల్లి ఇంట్లో ఒక్క సామీ మాట మాట్లాడలేదు. మతిమరుపు వచ్చినవాళ్ళలో కొందరికి తర్వాత నేర్చుకున్న భాష ముందు పోతుంది, పసితనంలో విన్నది మిగులుతుంది. నార్వేజియన్ జారిపోతూ ఉంటే అడుగున దాచిపెట్టింది పైకి వచ్చింది. తర్వాత ఫోన్‌లో సామీ దుబాసీని పెట్టి మాట్లాడించాం. ఏడేళ్ళకి హాస్టల్ స్కూల్లో పడేశారట. టీచర్ చెప్పేది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట. "నా పిల్లలకి ఆ సిగ్గు వద్దనుకున్నాను" అంది. కూతురు అది దుబాసీ నోటి వెంట నార్వేజియన్‌లో వింది. సొంత అమ్మ మాట, మధ్యలో ఇంకో మనిషి.

ఆ సాయంత్రం నేను ఆ కూతురిని "ఇంతకీ మీరు సామీనా, నార్వేజియనా?" అని అడిగి ఉంటే ఏం చెప్పేది? మీ కొలీగ్ ఎందుకు లేచి వెళ్ళారో నాకు తెలియదు. కానీ ఈ ఊళ్ళో ఆ ప్రశ్న బరువు మాత్రం అంత ఉంటుంది.

ఈ మౌనం దానంతట అది రాలేదు. దాదాపు వందేళ్ళు సామీలని నార్వేజియన్లుగా మార్చడమే ప్రభుత్వ విధానంగా నడిచింది. బడిలో సామీ వాడకం వీలైనంత తగ్గించాలని 1898లో టీచర్లకి ఉత్తర్వు వచ్చింది. 1902 నుంచి నార్వే ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్‌లో ప్రభుత్వ భూమి కొనాలంటే నార్వేజియన్ మాట్లాడటం, చదవటం, రాయటం రావాలన్నారు. పొలం కావాలంటే భాష వదులుకోవాలన్నమాట. లోపల, ఫిన్‌మార్క్ పీఠభూమి మీద ఉన్న కౌటొకైనో, కారశోక్ లాంటి చోట్ల సామీలే ఎక్కువమంది కాబట్టి భాష నిలబడింది. తీరంలో నలుగురి మధ్య కలిసిపోయి ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఒకే తరంలో ఆరిపోయింది.

ఇప్పుడు నా తప్పు. వచ్చిన మొదటి ఏడాది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకామె బంగారు రంగు జుట్టు, నీలి కళ్ళు. ఏదో మాటల్లో తను సామీ అని చెప్పింది. నేను మెచ్చుకోలు అనుకుని "అవునా, చూడ్డానికి అలా లేరే!" అన్నాను. ఆమె కప్పు కింద పెట్టి, "నేను ఎలా ఉండాలో నీకు ఎవరు చెప్పారు?" అంది. గొంతు పెంచలేదు. ఆ వారమంతా పని గురించి తప్ప నాతో మాట్లాడలేదు.

మనకి రంగు గురించి, ముఖం గురించి మాట్లాడటం మామూలు. "మీది గుంటూరు ముఖం" అని కూడా అంటాం. కానీ ఇక్కడ ఆ మాటకి వెనక చరిత్ర ఉంది. ఒకప్పుడు శాస్త్రం పేరు చెప్పి సామీల తలలు కొలిచారు, సమాధులు తవ్వి పుర్రెలు పట్టుకుపోయారు. 1852లో కౌటొకైనోలో జరిగిన తిరుగుబాటుకి గాను ఇద్దరిని, మోన్స్ సోంబి, అస్లాక్ హెట్టా అనేవాళ్ళని, 1854లో తల నరికి చంపారు. వాళ్ళ తలలని ఓస్లోలో అనాటమీ వాళ్ళకి పంపారు. చివరికి భూమిలో పెట్టింది ఎప్పుడో తెలుసా? 1997లో. అందుకే "సామీలా ఉన్నారు", "సామీలా లేరు" అనే రెండు మాటలూ నోట్లోంచి తీసేయండి. ఇది నా అనుభవం మీద గట్టిగా చెప్తున్నాను.

మీరు ట్రోమ్సో గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి 2011 సంగతి చెప్పాలి. అప్పట్లో మునిసిపాలిటీ, సామీ భాషకి ఆఫీసుల్లో నార్వేజియన్‌తో సమాన హోదా ఇచ్చే పరిపాలన ప్రాంతంలో చేరతామని దరఖాస్తు పెట్టింది. చేరితే బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి, సామీలో ఉత్తరం రాస్తే సామీలో జవాబు రావాలి, ఇలాంటివి. కానీ ఊరు అట్టుడికిపోయింది. ఇది నార్వేజియన్ ఊరు, సామీలు కావాలంటే లోపలికి, కౌటొకైనోకి పోవాలి అనే ధోరణి పేపర్లలో, నెట్‌లో, బస్సులో. ఆ సెప్టెంబర్ ఎన్నికల్లో గెలిచిన కొత్త పాలకవర్గం దరఖాస్తు వెనక్కి తీసేసుకుంది. నాకు అప్పటికి భాష సరిగా రాదు. కానీ పేపర్ టేబుల్ మీద ఉంటే గదిలో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారో అర్థం కావడానికి భాష అక్కర్లేదు. పైన చెప్పిన మా కొలీగ్ ఆ నెలల్లో చెవి రింగులు మార్చేసింది. సామీ వెండి పనివి తీసేసి మామూలువి పెట్టుకుంది. అది నేను ఒక్కదాన్నే గమనించానేమో.

ఆ ఊరే ఇవాళ వేరేలా ఉంది. ఫిబ్రవరి 6 సామీ జాతీయ దినం. 1917లో ఆ రోజే ట్రాండ్‌హైమ్‌లో వాళ్ళ మొదటి మహాసభ జరిగింది, ఎల్సా లౌలా రెన్‌బర్గ్ అనే మహిళ ముందుండి నడిపించింది. ఆ వారంలో మన స్టూర్‌గాటాలో లాసో (ఉచ్చు తాడు) విసిరే పోటీలు, నడివీధిలో రెయిన్‌డీర్ పందాలు చూసే ఉంటారు. 2024 నుంచి మన జిల్లా అధికారిక పేరు మూడు భాషల్లో ఉంది: నార్వేజియన్‌లో ట్రోమ్స్, సామీలో రొమ్సా, క్వెన్ (ఒకప్పుడు ఫిన్లాండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు) భాషలో ట్రోమ్సా. 2018లో వేసిన సత్యశోధన, సయోధ్య కమిషన్ 2023 జూన్ 1న నివేదిక ఇచ్చింది. 2024 నవంబర్ 12న పార్లమెంటు క్షమాపణ చెప్పింది. అంతకుముందు 1997లో రాజు హరాల్డ్ కారశోక్‌లో సామీ పార్లమెంటు ముందు, నార్వే దేశం రెండు జాతుల నేల మీద నిలబడి ఉందని చెప్పి, జరిగిన అన్యాయానికి విచారం ప్రకటించారు. పెద్ద మార్పే. కానీ కారశోక్‌లో చెప్పిన క్షమాపణ ఫ్యోర్డ్ పక్క ఇంట్లో వంటగది దాకా రావడానికి చాలా కాలం పడుతుంది.

సర్టిఫికెట్ సంగతి. మన ఎస్టీ సర్టిఫికెట్ లాంటిది లేదు. జనాభా లెక్కల్లో నార్వే జాతి నమోదు చేయదు, కాబట్టి ఊళ్ళో ఎంతమంది సామీలు అంటే ఖాయంగా చెప్పే సంఖ్య కూడా లేదు. ఉన్నది సామీ పార్లమెంటు ఓటర్ల జాబితా. 1989లో మొదలైన ఈ పార్లమెంటు కారశోక్‌లో ఉంది. జాబితాలో చేరాలంటే ముందు "నేను సామీ అనుకుంటున్నాను" అని ప్రకటించాలి. దానితో పాటు, తనకో, అమ్మానాన్నల్లో ఒకరికో, తాత, అవ్వ, ముత్తాత, తాతమ్మల్లో ఒకరికో ఇంటి భాష సామీ అయి ఉండాలి. లేదా జాబితాలో ఉన్నవాళ్ళ బిడ్డ అయి ఉండాలి. 2021 ఎన్నికలకి ఆ జాబితా 20,000 దాటింది. ఎక్కువమంది ఉన్న మునిసిపాలిటీల్లో ట్రోమ్సో కూడా ఒకటి.

చేరడం ఇష్టం. చేరకపోతే సామీ కాదని కాదు. నేను చూసే ఒక కుటుంబంలో అక్కా తమ్ముడూ ఉన్నారు. ఒకే తల్లి, ఒకే తండ్రి. అక్క నలభై దాటాక సాయంత్రం క్లాసులకి వెళ్ళి తన గాక్తి తనే కుట్టుకుంది, జాబితాలో చేరింది. గాక్తి అంటే పాప చూసిన ఆ గౌను. తమ్ముడు "మనం నార్వేజియన్లుగానే పెరిగాం, ఇప్పుడు కొత్తగా ఏంటి?" అంటాడు. క్రిస్మస్ భోజనానికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఆ విషయం ఎత్తరు. వాళ్ళలో ఎవరు కరెక్ట్ అని తేల్చే హక్కు నాకు లేదు, నాకు ఇద్దరూ కాఫీ పోస్తారు.

"మీకు భాష వచ్చా?" అనే ప్రశ్న ఇంకా జాగ్రత్త. మనం కుతూహలంతో అడుగుతాం. వినేవాళ్ళకి అది పరీక్షలా తగులుతుంది. భాష వచ్చినవాడే అసలు సామీ అనే మాట సామీల్లో కూడా ఉంది, తీరప్రాంతం వాళ్ళు దానితో నలిగిపోతుంటారు. పెళ్ళిళ్ళలో అమెరికాలో పుట్టిన మన పిల్లల్ని పట్టుకుని "ఏంటి, తెలుగు రాదా?" అని పెద్దవాళ్ళు అంటే ఆ పిల్లలు ఎలా ముడుచుకుపోతారో మీరు చూసే ఉంటారు. మన పిల్లలకి భాష ఎవరూ నిషేధించలేదు, ఏదో కుదరలేదు. వీళ్ళకి లాక్కున్నారు. అంత తేడా ఉంది. అలాగే రెయిన్‌డీర్ కుటుంబాలవాళ్ళు తటస్థపడితే "ఎన్ని ఉన్నాయి?" అని అడక్కండి. అది బ్యాంకులో ఎంత ఉంది అని అడగటంతో సమానం. మనవాళ్ళు జీతం ఎంత అని అడిగేసినంత తేలిగ్గా అది కూడా అడిగేస్తారు, అందుకే చెప్తున్నాను.

అందరూ మౌనంగా ఉంటారని అనుకోకండి. యూనివర్సిటీలో చదువుకోవడానికి కౌటొకైనో నుంచి వచ్చిన పిల్లలు కేఫ్‌లో గలగలా సామీలో మాట్లాడుకుంటారు, వాళ్ళ దగ్గర ఈ బెరుకు కనిపించదు. ఇక్కడికి తూర్పున కోఫ్యోర్డ్ ఉంది. తొంభైల్లో అక్కడ సామీ పేర్లు రాసిన రోడ్డు బోర్డులని తుపాకులతో కాల్చేవారు. అదే చోట కుర్రాళ్ళు 1991లో రిద్దు రిద్దు అనే పండగ మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రతి జులైలో ప్రపంచం నలుమూలల మూలవాసులు అక్కడికి వస్తారు. పాపని తీసుకుని వెళ్ళండి, గుడారం వేసుకుని ఉండొచ్చు.

ఆదివాసులతో పోలిక గురించి. కొంత కుదురుతుంది. భూమి, అడవి, భాష, బడి విషయంలో మన కోయ, గోండు కుటుంబాలు పడ్డ బాధలకీ వీటికీ పోలికలు ఉన్నాయి. 1979లో ఆల్తా నది మీద డ్యామ్ వద్దని ఓస్లోలో పార్లమెంటు ముందు సామీ యువకులు నిరాహారదీక్ష చేశారు. డ్యామ్ ఆగలేదు. కానీ ఆ పోరాటం వల్లే తర్వాత సామీ చట్టం, పార్లమెంటు వచ్చాయి. పోలవరం ముంపు ఊళ్ళ గురించి తెలిసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అయినా ఆఫీసులో "మీరు మా ట్రైబల్స్ లాగా" అని మొదలుపెట్టకండి. మనవాళ్ళు చాలామంది ఆ మాట ఏ గొంతుతో అంటారో మీకూ తెలుసు. ఆ గొంతు ఏ భాషలో అయినా వినిపిస్తుంది.

ఇక పాప గౌను. ఇక్కడ మనవాళ్ళు పొరబడటానికి కారణం ఉంది. తెల్లవాళ్ళు పట్టుచీర కడితే మనం మురిసిపోతాం, ఫొటో తీసుకుంటాం. అదే లెక్కన అందరూ సంతోషిస్తారనుకుంటాం. కానీ గాక్తి వట్టి అందమైన బట్ట కాదు, అది చిరునామా. అంచు, రంగు, మెడ కోత, బెల్టు చూసి ఏ ప్రాంతం, ఒక్కోసారి ఏ కుటుంబం అన్నది తెలిసినవాళ్ళు చెప్పేస్తారు. కౌటొకైనో వైపు బెల్టు మీద గుండ్రటి బొత్తాలుంటే పెళ్ళికానివాళ్ళు, నలుచదరంవైతే పెళ్ళైనవాళ్ళు. మన మంగళసూత్రం చెప్పినట్టే చెప్తుంది. పైగా చాలా ఇళ్ళలో అది రెండు తరాలు పెట్టెలో దాక్కుంది, కొన్ని ఇళ్ళలో అదీ మిగల్లేదు. పాత ఫొటోలు చూసి, మ్యూజియంలో వెతికి మళ్ళీ కుట్టుకుంటున్నారు. ఆ పాప వేసుకున్న గౌను వెనక వాళ్ళమ్మ ఎన్ని రాత్రులు కూర్చుందో. టూరిస్ట్ షాపుల్లో దొరికే నకిలీవి చూస్తే వాళ్ళకి ఎందుకు మండుతుందో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

పాపకి ఆశ తీర్చాలంటే సామీ చేతివృత్తి వస్తువులు కొనండి. ఉన్ని తొడుగులు, తగరం తీగ అల్లిన తోలు కంకణం లాంటివి ఎవరైనా పెట్టుకోవచ్చు, సామీల చేత్తో చేసినవి కొంటే వాళ్ళకీ సంతోషం. "సామీ దువొద్యి" అనే ముద్ర ఉందో లేదో చూసుకోండి, ఖరీదు కాస్త ఎక్కువే. పాపకి మాత్రం "అది వాళ్ళ అమ్మమ్మ వాళ్ళ ఊరి గౌను, నీకు మన అమ్మమ్మ వాళ్ళ ఊరి పట్టు పరికిణీ ఉంది" అని చెప్పండి. మా అమ్మాయికి నేను అలాగే చెప్పాను. మే 17న, నార్వే జాతీయ దినాన, పరికిణీలో పంపించాను. ఆ రోజు గాక్తి వేసుకున్న పిల్ల పక్కన నిలబడి ఇద్దరూ ఒకరి అంచులు ఒకరు లెక్కపెట్టుకున్నారు.

కొలీగ్ విషయానికి వస్తే, మళ్ళీ ఆ టాపిక్ ఎత్తి పెద్ద క్షమాపణ చెప్పకండి, ఆయన్ని ఇంకా ఇబ్బంది పెట్టినట్టవుతుంది. నలుగురూ లేనప్పుడు ఒక్క ముక్క చాలు: "ఆ రోజు అలా అడిగి ఉండాల్సింది కాదు. మీ అమ్మమ్మ గురించి ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే వింటాను." ఆయన ఏమీ అనకపోవచ్చు. మా కొలీగ్‌తో నేను ఇంచుమించు ఇదే అన్నాను, ఆమె తలూపి వెళ్ళిపోయింది. మూడేళ్ళ తర్వాత ఒక నైట్ డ్యూటీలో, తెల్లవారుజామున మూడింటికి, తనే ఫోన్ తీసి వాళ్ళమ్మమ్మ ఫొటో చూపించింది. పడవ పక్కన నిలబడి ఉంది, తలకి రుమాలు. "ఈవిడ పాడేదట, నేను వినలేదు" అంది. నేను ఏమీ అడగలేదు. ఇద్దరం ఆ ఫొటో పెద్దది చేసి, చిన్నది చేసి, బెల్ మోగేదాకా చూస్తూ కూర్చున్నాం.